భన్‌పురిలో శనివారం బడి

మామిడికాయల లెక్కతోనే మొదలైంది గొడవంతా.

1976 జూలైలో, రాయపూర్‌లోని ఒక ఆడవాళ్ల టీచర్ ట్రైనింగ్ స్కూల్లో, కొత్తగా చేరిన అమ్మాయిలకి విజయకుమారి మొదటి క్లాసు తీసుకుంది. ముప్ఫై దాటిన మనిషి. సన్నగా, చామనచాయగా ఉంటుంది. నేతచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, చేతిలో సుద్దముక్కతో లోపలికి వచ్చింది. అమ్మాయిలంతా లేచి "నమస్తే దీదీ" అన్నారు. ఆమె నవ్వలేదు. కూర్చోమని చేత్తో సైగ చేసి, గడగడా తెలుగులో అందుకుంది.

"ఒక గంపలో పన్నెండు మామిడికాయలున్నాయి. నలుగురు పిల్లలకి సమానంగా పంచాలి. ఒక్కొక్కరికి ఎన్నొస్తాయి? ఊఁ, నువ్వు చెప్పు."

మొదటి వరసలో కూర్చున్న అమ్మాయి ఎవరినో అడుగుతున్నారనుకుని వెనక్కి తిరిగి చూసింది.

"నిన్నే. లేచి నిలబడు. ఇంత చిన్న లెక్క రాదా? ఇంటి దగ్గర పుస్తకం తీస్తున్నావా, ఆటలేనా?"

ఆ అమ్మాయి పేరు ఊర్మిళా దూబే. బ్రాహ్మణ్‌పారాలో పేరున్న కుటుంబం వాళ్లది. హయ్యర్ సెకండరీలో లెక్కల్లో డిస్టింక్షన్ తెచ్చుకుంది. అలాంటి పిల్ల లేచి నిలబడి, చెవులు ఎర్రబడుతుంటే, నేల చూపులు చూస్తోంది. విజయకుమారి జాలిపడలేదు. మరో అమ్మాయిని లేపింది. ఆమెకీ ఏమీ తెలియలేదు. మూడో అమ్మాయి మాత్రం తెలివైనది, ఏమడిగినా నవ్వుతూ తలూపింది. "శభాష్! చూడండి, ఈమె ఎంత బాగా వింటోందో" అని విజయకుమారి మెచ్చుకుంది. దాంతో మిగతావాళ్లూ తలలూపడం మొదలుపెట్టారు. "అర్థమైందా?" అంటే ఊపారు. "అర్థం కాలేదా?" అన్నా ఊపారు. ఊర్మిళ మాత్రం నిలబడే ఉంది. కాసేపటికి ఆమె కళ్లలోంచి నీళ్లు జారాయి.

అప్పుడు విజయకుమారి సుద్దముక్క బల్లమీద పెట్టి, హిందీలో మాట్లాడింది.

"కూర్చో తల్లీ. నీకు లెక్క రాక కాదు. నా భాష రాదు, అంతే. రేపు మీరు వెళ్లే బళ్లలో ఒరియా పిల్లలుంటారు, తెలుగు పిల్లలుంటారు, ఛత్తీస్‌గఢీ తప్ప మరోటి వినని పిల్లలుంటారు. వాళ్ల ముందు మీరు ఇలాగే పుస్తకాల హిందీ మాట్లాడతారు. వాళ్లూ ఇలాగే నిలబడతారు. వాళ్లని మొద్దులని రాసే ముందు ఈ పావుగంట గుర్తు తెచ్చుకోండి."

ఆ పావుగంట ఆమె ఊహించి కట్టింది కాదు, అనుభవించింది. తండ్రి యోహాను రైల్వేలో ఖలాసీ. 1956లో విజయనగరం నుంచి రాయపూర్‌కి బదిలీ అయితే పదకొండేళ్ల విజయకుమారిని వెంటబెట్టుకుని వచ్చాడు. హిందీ ముక్క రాదని ఆమెను మూడో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టారు. మాట్లాడటం లేదు కాబట్టి 'గూంగీ' అన్నారు, అంటే మూగది. చలికాలం వరకూ అదే పేరు. ఒకరోజు తివారీ బహన్‌జీ అనే టీచరమ్మ బోర్డు మీద భాగాహారం రాసి, ఏమీ అనకుండా సుద్దముక్క విజయకుమారి చేతికిచ్చింది. విజయకుమారి శేషం లేకుండా తేల్చింది. బహన్‌జీ ఇంకోటి రాసింది. అదీ తేలింది. మర్నాడు ఆమెను అయిదో తరగతిలో కూర్చోబెట్టారు. ఆ బహన్‌జీ తర్వాత ఏ ఊరు బదిలీ అయిందో తెలియదు గాని, విజయకుమారి టీచరు కావాలనుకున్నది మాత్రం ఆ సుద్దముక్క చేతికొచ్చిన రోజే.

ట్రైనింగ్ స్కూల్లో ఆమె పెట్టిన పద్ధతి ఇంకొకటుంది. మొదటి పాఠం చెప్పే ముందు ప్రతి ట్రైనీ తన క్లాసులోని ఒక పిల్ల ఇంటికి వెళ్లి, కాసేపు కూర్చుని, ఆ ఇంట్లో నీళ్లు తాగి రావాలి. స్కూలు పక్కనే ప్రాక్టీసు కోసం ఏరి కూర్చోబెట్టిన, తలలు నున్నగా దువ్విన పిల్లలుండేవారు. వాళ్లను కాదని, ఊళ్లోని బస్తీ బళ్లకి ట్రైనీలను పంపింది. ఊర్మిళ వంతుకి తెలీబంధా చెరువు ఒడ్డున ఒక సత్నామీ ఇల్లు వచ్చింది. పైకులాలవాళ్లు అంటరానివాళ్లని దూరం పెట్టే కులం వాళ్లది.

ఊర్మిళ వెళ్లింది. నీళ్లు తాగిందో లేదో ఆమెకే తెలియాలి. కాని ఇంటికెళ్లి చెప్పిన మాట మాత్రం పెద్దదైంది. వాళ్ల నాన్న దూబేగారు పైఅధికారులకు ఫిర్యాదు రాశారు. క్రైస్తవురాలైన ఈ టీచరు మా ఆడపిల్లల్ని ఊరి చివరి ఇళ్లలో నీళ్లు తాగించి ధర్మం తప్పిస్తోంది, దీని వెనక వేరే సంగతేదో ఉంది అని.

ప్రిన్సిపల్ త్రిపాఠీగారు విజయకుమారిని పిలిచి కూర్చోమన్నారు. ఆయన మెత్తని మనిషి.

"మీ ఉద్దేశం నాకు తెలుసు. నా చేతిలో ఉంటే ఈ పద్ధతి రాష్ట్రమంతా పెట్టించేవాణ్ని."

"మరి ఆ మాటే పైకి రాయండి సర్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా రిటైర్మెంటు దగ్గరపడింది విజయకుమారి జీ" అన్నారు.

ఆ నెలలోనే బదిలీ అయింది. ఊరి చివరనున్న భన్‌పురి ప్రాథమిక పాఠశాలకి హెడ్ మిస్ట్రెస్. పేరుకి హెడ్డు గాని, అది పంపించేయడమే.

వార్త విన్న భర్త అబ్రహాం ముందు నవ్వాడు. ఆయన రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో గుమాస్తా, కాపురం అక్కడి కాలనీలోనే. "ఏటే, దీనికింత ఏడుపా? భన్‌పురి మనింటికి పక్కనే కదా. సైకిలు మీద దింపేసి డ్యూటీకి పోతాను" అన్నాడు. ఆమె ఏడుపు ఆగలేదని చూసి మెల్లగా వెళ్లి టీ పెట్టాడు.

తల్లి శాంతమ్మ అప్పటికి నర్సు ఉద్యోగం విరమించి కూతురి దగ్గరే ఉంటోంది. రెండు వారాలు ఓపిక పట్టి ఒకరోజు గట్టిగానే అంది. "కట్టు కట్టేసినాక మాటిమాటికీ ఇప్పి సూసుకోకూడదే అమ్మీ. పుండు మానదు. ఎల్లి ఆ పిల్లల్ని సూసుకో."

*

భన్‌పురి బడి అంటే రేకుల కప్పుతో రెండు గదులు. ఒకవైపు లారీల బాడీలు కట్టే షెడ్డు, మరోవైపు రైస్ మిల్లు. సుత్తుల మోత ఆగితే మిల్లు హోరు వినిపించేది. ఆ మోత మధ్య ఒక్కో గదిలో డెబ్భై మందికి పైగా పిల్లలు. కార్ఖానాల్లో పనికి ఊళ్లనుంచి దిగినవాళ్ల పిల్లలు ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారు. బలంగీర్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఒరియా, శ్రీకాకుళం నుంచి కూలికొచ్చినవాళ్లు తెలుగు. లారీ డ్రైవర్ల పిల్లలు బీహారు మాట.

మొదటి రోజే సూరమ్మ అనే తెలుగు కూలి మనిషి కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పిల్ల పేరు అప్పలనరసమ్మ.

"మా గుంట ఇంటికాడ నోరు ముయ్యదు బాయమ్మా. బడికొస్తే బెల్లం కొట్టిన రాయే. ఆ పాత గురూజీ దీనికి దిమాగ్ లేదన్నాడు. నువ్వే సూడాల."

"ఏం పాపా, నీ పేరేంటి?" అంది విజయకుమారి తెలుగులో.

పిల్ల మొహం విప్పారింది. అంతలో వెనక నుంచి ఎవరో "మద్రాసీ! మద్రాసీ!" అని అరిచి నవ్వారు. పిల్ల మళ్లీ ముడుచుకుంది.

విజయకుమారికి వెంటనే ఒక ఉపాయం తోచింది. తెలుగు పిల్లల్ని ఒక చాప మీద, ఒరియా పిల్లల్ని ఒక చాప మీద, ఛత్తీస్‌గఢీ వాళ్లని ఇంకో రెండు చాపల మీద కూర్చోబెట్టింది. ఎవరి భాషలో వాళ్లకి ముందు ధైర్యం వస్తుందనుకుంది. వచ్చింది కూడా. ఎక్కువే వచ్చింది. నెల తిరిగేసరికి చాపకో సైన్యం తయారైంది. ఒకరి చాప మీద ఇంకొకరు కాలు పెడితే పలకలు లేచేవి. ఒక ఒరియా పిల్లవాడి నుదురు చిట్లింది. ఆ రోజు విజయకుమారి గాయం తుడిచి గుడ్డ కట్టి, వాడిని ఇంటికి పంపి, గుమ్మంలో కూలబడింది. ఒరియాలో ఓదార్పు మాట ఒక్కటి కూడా ఆమెకు రాదు. మూడేళ్లు ట్రైనింగ్ స్కూల్లో పెద్ద పెద్ద మాటలు చెప్పిన మనిషి!

ఆమె దారి చూసుకున్నది ఆటలో. మధ్యాహ్నం గంట కొట్టగానే, పొద్దున్న పలకలతో కొట్టుకున్న ఆ పిల్లలే లారీ షెడ్డు గోడ దగ్గర గుంపుగా చేరారు. దాగుడుమూతలు. దొంగ గోడకి మొహం ఆనించి లెక్కపెడుతుంటే విజయకుమారి చెవి ఒగ్గి వింది.

"ఒకటి, దుయి, తీన్, నాలుగు, పాంచ్, ఛఅ, ఏడు..."

అంకెలన్నీ కలగలిసి ఉన్నాయి. తెలుగు, ఒరియా, ఛత్తీస్‌గఢీ, ఏది నోటికొస్తే అది. ఎవరికీ అడ్డం రావడం లేదు. దొంగ ఆట తప్పితే తీర్పు చెబుతున్నది ఎవరనుకున్నారు? అప్పలనరసమ్మ! నడుం మీద చెయ్యి పెట్టుకుని, మూడు భాషలూ కలిపి, ఆకాశం అంటేలా అరుస్తోంది. "నై జమేగా! వాడు కన్ను తెరిసినాడు, మోర్ ఆంఖీ మా దేఖేఁవ్!" కుదరదట, తన కళ్లతో చూసిందట.

విజయకుమారి ఆ సాయంత్రం సైకిలు వెనక కూర్చుని ఆ కలగలుపు అంకెలే గొణుక్కుంది. అబ్రహాం రెండుసార్లు ఏటయిందని అడిగాడు. ఇంటికెళ్లాక చెప్పింది.

"నేను ఆ అమ్మాయిలకి నేర్పింది సగమేనండీ. పిల్లకి మన భాష రాదని జాలిపడటం నేర్పాను. దానికేమొచ్చో వెతకటం నేర్పలేదు. నాకే తెలీదు కదా."

మర్నాడు చాపలు మారాయి. ఎవరు ఎవరితో ఆడతారో వాళ్లే పక్కపక్కన కూర్చున్నారు. అంకెల పాఠం గోడ దగ్గర లెక్కలాగే జరిగింది. ఒకరు ఒక భాషలో అంకె చెబితే పక్కవాడు తర్వాతి అంకె తన భాషలో చెప్పాలి, ఆపైన అందరూ కలిసి హిందీలో. తప్పు చెప్పిన వాణ్ని పక్కవాడే సరిదిద్దేవాడు. విజయకుమారి కూడా వరసలో కూర్చుని ఒరియా అంకెలు నేర్చుకుంది. 'ఛఅ' ఆమెకి సరిగ్గా పలికేది కాదు. పిల్లలు కడుపుబ్బ నవ్వేవారు. ఆ నవ్వుకి ఆమెకి కోపం రాలేదు, హాయిగా ఉండేది.

*

1978 వానాకాలంలో ఒక శనివారం, ఒంటిపూట బడి ముగియబోతుండగా గేటు ముందు రిక్షా ఆగింది. ఊర్మిళా దూబే దిగింది. పండరీలో, బట్టల మార్కెట్టు వెనక ఉన్న బడిలో ఆమెకి ఉద్యోగమైంది.

ఆమెను చూడగానే విజయకుమారికి పాత మంట రేగింది. మంచితనం చూపించే ఓపిక ఆ నిమిషాన లేకపోయింది. లోపలికి రమ్మనకుండా పాఠం పూర్తి చేసింది. ఊర్మిళ వాన చినుకుల్లో, చూరు కింద నిలబడే ఉంది. గంట కొట్టాక విజయకుమారి బయటికొచ్చింది.

"ఏం పని మీద వచ్చావు?"

"దీదీ, నా క్లాసులో పిల్లలు నన్ను గోడని చూసినట్టు చూస్తున్నారు. సింధీ దుకాణాల వాళ్ల పిల్లలు, మూటలు మోసేవాళ్ల పిల్లలు, అందరూ ఉన్నారు. పాఠం అడిగితే తలూపుతారు. రోజురోజుకీ రావడం మానేస్తున్నారు. నేను... మీరు ఆ రోజు నన్ను నిలబెట్టారు కదా, ఆ క్లాసు ఒక్కటే నాకు ట్రైనింగులో గుర్తుంది." ఆగి, తల దించుకుంది. "మా నాన్నగారు చేసిన దానికి..."

"అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు లోపలికి రా. కుర్చీలో కాదు, ఆ పిల్లల మధ్య కూర్చో."

ఆ 'తర్వాత' చాలా ఏళ్ల దాకా రాలేదు. అడగాలని ఇద్దరికీ అనిపించలేదు.

ఇంటికి వెళ్లకుండా వాన తగ్గేదాకా ఉండిపోయిన పిల్లలు పాతిక మంది దాకా ఉన్నారు. "వీళ్లకొక పాఠం చెప్పు" అంది విజయకుమారి. ఊర్మిళ మంచి హిందీలో, ముద్దుగా, పొద్దున్న నాశ్తాలో ఏం తిన్నారని అడిగింది. ఎవరూ చెయ్యెత్తలేదు. పాపం, వీళ్లు ఏమీ తినలేదేమో అనుకుని ఆమె మొహం చిన్నబోయింది.

"బాసీ ఖాయే హవ్ కా?" అని అడిగింది విజయకుమారి పక్కనుంచి.

ఒక్కసారిగా చేతులు లేచాయి. 'బాసీ' అన్నారు ఛత్తీస్‌గఢీ పిల్లలు. 'పఖాళ' అన్నారు ఒరియా వాళ్లు. 'చద్దన్నం' అంది అప్పలనరసమ్మ, మిరపకాయ కూడా నంజుకున్నానంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నే తినేది ఒకటే, పేర్లే మూడు. తినకుండా ఎవరూ రాలేదు. నాశ్తా అనే మాట వాళ్లిళ్లలో లేదు, అంతే. ఊర్మిళ ఆ మూడు మాటలూ బోర్డు మీద నాగరి లిపిలో రాసింది. 'పఖాళ'లో చివరి అక్షరం కుదరక ఒక ఒరియా పిల్ల చేత మూడుసార్లు పలికించుకుంది. ఆ పిల్ల టీచరమ్మకి నేర్పుతున్నానని తల ఇంతెత్తున పెట్టుకుంది.

వెళ్లేముందు బడి ఆయా కేజాబాయి లోటాతో నీళ్లు తెచ్చింది. ఆమెదీ సత్నామీ ఇల్లే. ఊర్మిళ వద్దంది. కేజాబాయి లోటా తీసుకెళ్లిపోయింది. విజయకుమారి చూసి, చాపలు చుట్టడానికి వెళ్లింది. ఆ తర్వాత శనివారం ఊర్మిళ మళ్లీ వచ్చింది, ఆ పై శనివారం కూడా. ఆమె కేజాబాయి చేతి నీళ్లు ఎప్పుడు తాగడం మొదలుపెట్టిందో విజయకుమారికి గుర్తులేదు. ఊర్మిళకి పెళ్లయ్యాక ఒకరోజు చూస్తే, ఇద్దరూ మెట్టు మీద కూర్చుని ఒకే గిన్నెలో మరమరాలు తింటూ ఎవరి అత్తగారి సంగతి వాళ్లు చెప్పుకుంటున్నారు.

ఊర్మిళ తన బడినుంచి ఇద్దరు టీచర్లను వెంటబెట్టుకొచ్చింది. వాళ్లు తెలీబంధా బడిలో స్నేహితురాళ్లకు చెప్పారు. అలా శనివారం మధ్యాహ్నాలు భన్‌పురి బడిలో జనం పోగవడం మొదలైంది. ఎవరో పంపితే వచ్చినవాళ్లు కారు. కొత్తగా ఉద్యోగంలో చేరి, క్లాసులో ఏం చెయ్యాలో తోచక వచ్చినవాళ్లే. ఒకరు పిల్లలకి పాఠం చెప్పేవారు, మిగతావాళ్లు చూసేవారు. పాఠం అయ్యాక విజయకుమారి పెట్టిన నియమం ఒక్కటే.

"టీచరు ఏం చేసిందో నాకు చెప్పొద్దు. పిల్లలేం చేశారో చెప్పండి. ఆ మూల పిల్ల ఎప్పుడు తలెత్తింది? ఏ మాటకి ఎత్తింది?"

మొదట్లో ఎవరికీ చెప్పడం చేతనయ్యేది కాదు. వాళ్ల కళ్లు టీచరు మీదనే ఉండేవి. మెల్లమెల్లగా చూపు కిందికి, చాపల మీదికి దిగింది.

1983లో ట్రైనింగ్ స్కూలుకి కొత్త ప్రిన్సిపల్ వచ్చింది. ఎక్కడో విని, జీపులో భన్‌పురికి వచ్చి, శనివారమంతా వెనక కూర్చుని చూసింది. వెళ్తూ విజయకుమారి చేతులు పట్టుకుంది.

"మీరు తిరిగి వచ్చేయండి. మీ కుర్చీ మీకిస్తాను."

ఏడేళ్ల కిందట ఆ మాట కోసం ఎంత ఏడ్చిందో! ఇప్పుడు వినగానే ఆమెకు భయం వేసింది.

"నేనక్కడికి వస్తే మీ అమ్మాయిలకి మాటలు దొరుకుతాయి, పిల్లలు దొరకరు. వాళ్లనే ఇక్కడికి పంపండమ్మా" అంది.

ప్రిన్సిపల్ ఆలోచించి ఒప్పుకుంది. ఆ ఏటినుంచి ప్రతి బ్యాచీ ప్రాక్టీసు కోసం భన్‌పురికి రావడం మొదలైంది. అబ్రహాం మాత్రం ఇంట్లో సణిగాడు. "ఫ్యాను కింద కుర్చీ ఇస్తానంటే వద్దనీసింది. రేకుల కింద ఉడికిపోడానికి మహా సరదా ఈవిడకి." సణుగుతూనే మర్నాడు ట్రైనీలు కూర్చోడానికి కార్ఖానా నుంచి పాత బెంచీలు అడిగి తెప్పించాడు.

*

1988లో విజయకుమారి గొంతు పోయింది. మిల్లు ఊక, లారీల దుమ్ము, అన్నేళ్ల అరుపు, అన్నీ కలిసి పట్టుకున్నాయి. లోపల కాయ కట్టిందన్నారు డాక్టర్లు. నెలల తరబడి ఒక్క మాట మాట్లాడొద్దన్నారు. మాట్లాడితే అసలుకే పోతుందన్నారు. సరిగ్గా అప్పుడే కొత్త బ్యాచి రావలసి ఉంది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చోమని అబ్రహాం బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపి చీర కట్టుకుంది.

ఊర్మిళ అప్పటికి పండరీ బడికి హెడ్ మిస్ట్రెస్. శనివారాలు నడిపే బాధ్యత తను తీసుకుంది. విజయకుమారి వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. ట్రైనీ అమ్మాయిలు ఏ చిక్కొచ్చినా అలవాటుగా ఆమె వైపు తిరిగేవారు. "దీదీ, ఈ పిల్లాడు రాయడం లేదు, ఏం చెయ్యాలి?" ఆమె నోరు విప్పకూడదు. అందుకని పిల్లాడి వైపు వేలు చూపించేది, వాణ్నే అడగమని. గత్యంతరం లేక వాళ్లు పిల్లాణ్నే అడిగేవారు. వాడు ఛత్తీస్‌గఢీలో ఏదో చెబితే పక్క పిల్ల హిందీలోకి మార్చేది. నాన్న రాత్రి కొట్టాడనో, సుద్ద పలక మీద పడటం లేదనో, ఎడమచేత్తో రాస్తే పాత గురూజీ వేళ్ల మీద కొట్టేవాడనో. జవాబు పిల్లల దగ్గరే ఉంది. ఇన్నేళ్లూ దాన్ని తన నోటితో ముందుగానే చెప్పేస్తూ, ఆ అమ్మాయిలకి అడిగే అవకాశం లేకుండా చేశానని విజయకుమారికి ఆ గోడవారన కూర్చున్నప్పుడు తెలిసింది.

పిల్లలు ఆమె సైగలు ఎంత తొందరగా పట్టేశారో! కనుబొమ్మ ఎత్తితే "కిటికీ తీయమంటోంది" అనేవారు. అరచెయ్యి బోర్లిస్తే గదంతా సద్దుమణిగేది. ఒక ఒకటో తరగతి పిల్ల రోజూ వచ్చి ఆమె ఒళ్లో ఒక జామాకు పెట్టేది, నములు, గొంతొస్తుంది, మా దాయీ, అంటే అమ్మ, చెప్పింది అని. ఆమె నమిలేది.

మందుకో, జామాకుకో, మౌనానికో గాని, గొంతు తిరిగి వచ్చింది. బొంగురుగా, పగిలిన గొట్టంలోంచి వచ్చినట్టు. మొదట మాట్లాడింది ఊర్మిళతోనే. బడి ముగిసి ఇద్దరూ చాపలు చుడుతున్నారు.

"మీ నాన్నగారు ఎలా ఉన్నారు?"

ఊర్మిళ ఉలిక్కిపడింది. మాట వినిపించినందుకో, ఆ మాట అయినందుకో. "మంచం మీదే ఉన్నారు దీదీ."

"నేను కృతజ్ఞతలు చెప్పానని చెప్పు. ఎగతాళి కాదు, నిజంగానే. ఆయన ఆ కాగితం రాయకపోతే నేనింకా ఆ బోర్డు ముందు మామిడికాయలు పంచుతూ, ఏదో గొప్ప పని చేస్తున్నాననుకునేదాన్ని."

ఊర్మిళ చుడుతున్న చాప వదిలేసి ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. కేజాబాయి చీపురుతో వచ్చి, "కా హోగే దీదీ?" అని కంగారుపడింది. ఏమీ కాలేదంటూ ఇద్దరూ నవ్వారు. దూబేగారికి ఆ మాట చేరిందో లేదో, ఆయన ఏమన్నారో విజయకుమారి మళ్లీ అడగలేదు. తన వంతు చెప్పేసింది, మనసు తేలికపడింది.

అప్పలనరసమ్మ ఎనిమిది దాకా చదివి ఆపేసింది. ఇంకా చదివించాలని విజయకుమారి సూరమ్మ ఇంటి చుట్టూ తిరిగింది గాని లాభం లేకపోయింది. ఆ పిల్ల భన్‌పురిలోనే ఒక లారీ మెకానిక్‌ని పెళ్లి చేసుకుంది. కొన్నేళ్లకి తన కొడుకుని చేర్పించడానికి వచ్చి, ట్రైనీ అమ్మాయితో గట్టిగా వాదన పెట్టుకుంది, మావాణ్ని ఆ మూల కూర్చోబెడతావేంటి, వాడి జట్టంతా ఈ చాప మీద ఉంటే అని. మూడు భాషల్లో. విజయకుమారి తలుపు చాటున నిలబడి, ఆ తీర్పు పూర్తయ్యేదాకా లోపలికి వెళ్లలేదు.

గొంతు మళ్లీ మొరాయించడంతో 2000లో ఆమె గడువుకి ముందే ఉద్యోగం విరమించింది. రాయపూర్ రాజధాని కాబోతోందని ఊరంతా చెప్పుకుంటున్న ఏడాది అది. వీడ్కోలు నాడు ఎవరెవరో ఏమేమో పొగిడారు. ఆమెని మాట్లాడమంటే లేచి, బొంగురు గొంతుతో పేర్లు మాత్రం చెప్పింది. తివారీ బహన్‌జీ, అమ్మ శాంతమ్మ, సైకిలు తొక్కిన అబ్రహాం, కేజాబాయి, సూరమ్మ, ఊర్మిళ, దూబేగారు, ఇంకా పిల్లలు బోలెడంతమంది. ఒక్కొక్క పేరుకీ చేతులు జోడించి కూర్చుంది.

తర్వాత వచ్చిన శనివారం ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. "రిటైరైనావు కదే" అన్నాడు అబ్రహాం. "చూసొస్తానండీ" అని బయల్దేరింది.

వెనక గదిలో కొత్త బ్యాచి అమ్మాయి ఒకతి పాఠం చెబుతోంది. ఆమెకి విజయకుమారి ఎవరో తెలియదు. గుమ్మంలో తలనెరిసిన మనిషిని చూసి, పాఠం ఆపి దగ్గరికి వచ్చింది. ఎవరి కోసం వచ్చారని హిందీలో అడిగింది. విజయకుమారి ఎవరి కోసమూ కాదన్నట్టు చెయ్యి ఊపింది. అమ్మాయి ఆమె చీరకట్టు, మొహం పరికించి చూసి, నాలిక తడబడుతూ తెలుగులో అంది.

"అమ్మా... లోపలికి రండి. మీ మనవరాలు ఎవరు? కూచోండి, పర్లేదు."

కుర్చీ ఖాళీగానే ఉన్నా ఆ అమ్మాయి చాప మీదనే చోటు చూపించింది, పిల్లల పక్కన. విజయకుమారి కూర్చుంది. ఆమెను ఎరిగిన పిల్లలు మూతులకి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు గాని ఎవరూ గుట్టు విప్పలేదు. అమ్మాయి బోర్డు దగ్గరికి వెళ్లి, మూలనున్న ఒక పిల్లవాడి వైపు చూస్తూ పాఠం అందుకుంది. వాడు తలెత్తేదాకా చూపు తిప్పలేదు.

గంట కొట్టేదాకా విజయకుమారి అక్కడే కూర్చుని, మిగతా పిల్లలతో పాటు పాఠం విని, సాయంత్రం ఎండ తగ్గాక ఇంటికి నడిచింది.